పెయింట్ మెరిసినా పాస్ కాలేదేం? పాత బండ్ల ఫిట్‌నెస్‌పై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారి బండి, 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్య లక్షకి పైగా పెట్టి పెయింట్, సీట్లు, క్రోమ్ అన్నీ చేయించి ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ గారు పాస్ చేయలేదు. హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదు, బ్రేక్ కొడితే ఎడమకి లాగుతోంది, స్టీరింగ్‌లో ప్లే (వదులు) ఉంది, వెనక లైట్లు సరిగ్గా లేవు, చాసిస్ నంబర్ కనబడట్లేదు అన్నారు. పొల్యూషన్‌లో కూడా ఫెయిలే. అమ్మేయమని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అమ్మకండి. ఇన్‌స్పెక్టర్ గారు రాసినవి ఎక్కువగా ఆడకుండా పడి ఉన్న ఏ బండికైనా వచ్చేవే, చాలావరకు పెయింట్ ఖర్చుతో పోలిస్తే చిల్లర పనులు. కాకపోతే వరస తిరగబడింది. ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత బండి అడుగుభాగం, ఇవన్నీ అయ్యాకే రంగు. మనవాళ్లు ఎందుకో రంగుతోనే మొదలెడతారు.

బ్రేకుల సంగతి. మీ మార్క్ 4కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది, నాలుగేళ్లు కదలకుండా ఉంటే ఆ నీళ్లకి వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేక్ షూలని నెట్టే చిన్న సిలిండర్ల) లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుపోతుంది. అది ఒక పక్క బిగుసుకుని రెండో పక్క పనిచేస్తుంటే, బండి పనిచేసే వైపుకి లాగుతుంది. అంటే మీకు ఎడమకి లాగుతోందంటే అనుమానం ముందు కుడి చక్రం మీద పడాలి, మెకానిక్ ఎడమ చక్రం విప్పుతానంటే ఒక్క నిమిషం ఆపండి. విప్పడం ఎలాగూ తప్పదు కాబట్టి నాలుగు చక్రాల సిలిండర్లకీ కిట్లు వేయించి, రబ్బరు హోస్‌లు కూడా మార్పించేయండి. హోస్ పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది, పెడల్ వదిలినా ఆ చక్రం బ్రేకు పట్టే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకే కదా, కేబుల్ జామ్ అయిందో, వెనక షూలకి ఆయిల్ అంటిందో చూడమనండి. ఇరుసు సీల్ కారితే షూలు తడిసిపోతాయి, అప్పుడు కేబుల్ ఎంత బిగించినా లాభం లేదు.

స్టీరింగ్ ప్లే ఎక్కడినుంచో తెలియాలంటే ముందు చక్రం జాకీ మీద లేపి, రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే వీల్ బేరింగో సస్పెన్షన్ కీళ్లో. పక్కల పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ గానీ. ఈ బండికి గ్రీజు పాయింట్లు చాలా ఉంటాయి, పాత డ్రైవర్లు వాటిని మర్చిపోయేవాళ్లు కాదు, ఇప్పటి సర్వీస్ సెంటర్లలో గ్రీజు గన్ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

లైట్లకి బల్బులు మార్చి డబ్బు తగలేయకండి, నూటికి తొంభై ఎర్త్ ప్రాబ్లమే. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైట్ కూడా కొట్టుకుంటోందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కొత్త పెయింట్ వేసినప్పుడు ఎర్త్ తగిలే చోట కూడా రంగు పూసేసి ఉంటారు, అక్కడ గీకి బోల్టు బిగిస్తే సరి. హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బులు పెట్టించుంటే తీసేయండి, మామూలు బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో వాటి వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

పొల్యూషన్‌కి మీ కాలం పెట్రోలు కారుకి లిమిట్ కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం. మంచి ట్యూనింగ్‌లో ఉన్న 1489 సీసీ ఇంజన్‌కి ఇది కష్టమేమీ కాదు. ప్లగ్గులు, పాయింట్ గ్యాప్, ఎయిర్ ఫిల్టర్ చూసుకుని, చోక్ పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో చూసి, సెంటర్‌కి వెళ్లేముందు ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పండి. షెడ్డులోంచి తీసి నేరుగా పైపు పెట్టిస్తే ఫెయిల్ కాక ఏమవుతుంది!

ఇక చాసిస్ నంబర్, ఇదే అసలు టెన్షన్. మీ పెయింటర్ దాని మీద పుట్టీ, రంగు పూసేసి ఉంటాడు. దయచేసి గ్రైండర్ పెట్టనివ్వకండి. ఒక్క అంకె చెరిగినా దొంగబండి అనుమానం మొదలవుతుంది, అది తేలేసరికి మీ ఓపిక అయిపోతుంది. పెయింట్ రిమూవర్ రాసి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, మీరే ఓసారి పెన్సిల్ ప్రింట్ తీసి ఆర్‌సీతో పోల్చుకోండి. ఇంజన్ నంబర్ కూడా చూడండి. ఆ రోజుల్లో చాలా అంబాసిడర్లకి మధ్యలో డీజిల్ ఇంజన్ దించి ఆర్‌సీలో ఎక్కించకుండా వదిలేశారు.

ఇన్‌స్పెక్టర్ గారు అడగకపోయినా నేనడుగుతాను. కింద రబ్బరు మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూశారా? చాసిస్ నంబర్ అని పేరే గానీ ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బలం. డోర్ల కింది అంచు, వెనక కమాన్ పట్టీలు తగిలించే చోటు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే కొత్త రేకుతో వెల్డింగే మార్గం, ఫైబరూ పుట్టీ కాదు.

కాగితాలు: బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో మీ పేరుకి మార్పించుకోండి. రెన్యువల్ ఫారం 25, అయిదేళ్లకి ఇస్తారు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకి ఫీజు 10,000 అయింది, గడువు దాటితే నెలకి 500 అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరే.

ప్రశ్న: నా దగ్గర 1968 జావా ఉంది, ఆర్‌సీ ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే ఈ టెస్టుల గోల తప్పుతుందంటున్నారు, నిజమేనా? – వరంగల్ నుంచి

జవాబు: దాని మీద రోజూ ఆఫీసుకి వెళ్తుంటే ఆ ఆలోచనే వద్దు. 2021 జులై రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఇంజన్, చాసిస్ పెద్దగా మార్చని బండికి వింటేజ్ హోదా ఇస్తారు, చెల్లుబాటు పదేళ్లు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000. కానీ ఆ తర్వాత బండిని ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలు, రిపేర్లకో మాత్రమే బయటికి తీయాలి. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంటుంది, నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలుండే సిరీస్ కొత్తగా రిజిస్టర్ చేసేవాటికి. తిరిగే బండికి మామూలు రెన్యువలే మేలు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటాం. 1967 మోరిస్ మైనర్ బేరం ఆడుతున్నాను. 40 ఏళ్లు దాటింది కాబట్టి ఎమ్‌ఓటీ (ఇక్కడ కార్లకి ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్టు) అక్కర్లేదని అమ్మేవాడు అంటున్నాడు. నమ్మొచ్చా? – రెడింగ్ నుంచి

జవాబు: రూలు నిజమే. 2018 మే 20 నుంచి 40 ఏళ్లు దాటిన బండికి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేయకపోతే, ఎమ్‌ఓటీ మినహాయింపు ఉంది. అయితే టెస్టు అక్కర్లేదంటే బండి బాగుందని కాదు కదండీ. ప్రమాదకరమైన స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద మూడు పెనాల్టీ పాయింట్లు. మీ అదృష్టం ఏంటంటే అక్కడ 2005 నుంచీ టెస్టు ఫలితాలు నంబర్ కొడితే ఉచితంగా కనిపిస్తాయి. అందులో పాసా ఫెయిలా అన్నది కాదు, ఏటేటా అడ్వైజరీల్లో (ఫెయిల్ చేయకుండా రాసే హెచ్చరికల్లో) ఏం రాశారో చదవండి. ఒక ఏడు ‘కాస్త తుప్పు’ అని, రెండేళ్లకి అదే చోట ఫెయిల్ అని ఉంటే, మధ్యలో దాన్ని బాగుచేయకుండా వదిలేశారనో, పైపై పూత పూశారనో అనుమానించాలి. స్టీరింగ్, సస్పెన్షన్ బిగించే చోటుకి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలం పోయుంటే అక్కడ ఫెయిలే. మైనర్‌కి తుప్పు పట్టేదీ సరిగ్గా అలాంటి చోట్లే: సిల్స్ (డోర్ల కింది అంచులు), మధ్య క్రాస్ మెంబర్, వెనక స్ప్రింగ్ హ్యాంగర్లు (కమాన్ పట్టీలు తగిలించే చోట్లు). బేరం కుదిరేముందు మీ ఖర్చుతోనే ఒక ఎమ్‌ఓటీ చేయిద్దామని అమ్మేవాడితో అనండి. కారుకి గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లే. ఆయన ఒప్పుకోకపోతే ఇంకో మైనర్ చూసుకోండి.