‘ఆయన ఏమీ అనరు’ అని రాశారు మీరు

మందస మండలం నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

మీ భర్తకు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు హరిపురం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మీ ఉమ్మడి కొబ్బరితోట సగానికి పైగా నేలకొరిగింది. కాశీబుగ్గలో జీడిపిక్కల పనికి వెళ్లి మీరు ఇల్లు నడుపుతున్నారు. మీ చర్చిలో సంఘ పెద్ద అయిన మీ బావగారు ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ మిమ్మల్ని పేరు పెట్టి లేపి, ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్న పౌలు మాట గుర్తుచేసి, స్తుతి చెప్పమంటున్నారు. మీకు నోరు పెగలడం లేదు. నా విశ్వాసంలోనే లోపం ఉందా, దేవుడు నా మీద కోపగించుకున్నాడా అని అడిగారు.

లేదు. ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడని ప్రభు రాత్రి భోజనపు బల్ల దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ వింటున్నాం. అదే రాత్రి గెత్సేమనే తోటలో సాగిలపడి, రాబోయే శ్రమ అనే ఈ గిన్నె నా నుంచి తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు. స్తుతించిన నోటితోనే మొరపెట్టుకున్న ప్రభువును నమ్ముకున్న మీరు, మొర పెట్టుకున్నందుకు భయపడవలసిన పని లేదు. మీ ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు అవసరమని నేను అనుకోవడం లేదు.

నన్ను ఆపినది మీరు చివర్లో రాసిన ఒక్క వాక్యం. ‘పింఛను బావగారే తీసుకుంటారు, మా ఆయన ఏమీ అనరు’ అన్నారు. ఉత్తరమంతా దేవుడి గురించీ బావగారి గురించీ రాసిన మీరు, భర్త గురించి రాసింది ఇంతే. చిక్కుముడి ఇక్కడే ఉంది.

డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 10,000 రూపాయలు మీ భర్త వేలిముద్ర వేస్తేనే వస్తాయి. వేలు ఆయనది, జబ్బు ఆయనది, డబ్బు మాత్రం అన్నగారి జేబులోకి వెళుతోంది. మొదట్లో విశాఖపట్నం తీసుకెళ్లి చూపించినది, డయాలసిస్‌కు వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్‌కు తన భార్య నగలు తాకట్టు పెట్టినది ఆ అన్నగారే అని మీరే రాశారు. అది చిన్న ఉపకారం కాదు; దాన్ని మరచిపోమని నేను చెప్పను. కానీ తీర్చలేని ఋణం మోస్తున్న తమ్ముడు అన్న ఎదుట తలెత్తలేక, తన బదులు భార్యను తల వంచుకోనిస్తున్నాడు. బస్సు ఛార్జీలకు డబ్బు అడిగిస్తే ‘ముందు స్తుతించడం నేర్చుకోమను’ అని బావగారు కబురు చేసినప్పుడైనా ఆయన నోరు విప్పి ఉండవలసింది. అన్నకు చెల్లించవలసిన కృతజ్ఞతను దేవునికి చెల్లించవలసిన కృతజ్ఞతతో కలిపేశారు మీ ఇంట్లో. దేవుని పేరు మీద మనిషి వసూలు చేసుకుంటున్నాడు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

ప్రతి విషయంలోనూ స్తుతించమన్న ఆ వాక్యాన్ని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. ఆయన ఆ ఊరికి ఎలా వచ్చాడో అపొస్తలుల కార్యములు 16, 17 అధ్యాయాలు చదివితే తెలుస్తుంది. ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండ అనే కొయ్య బిగించి చెరసాలలో పడేస్తే, మధ్యరాత్రి తోటి సేవకుడు సీలతో కలిసి కీర్తనలు పాడాడు. తెల్లవారాక రహస్యంగా వెళ్లిపొమ్మని అధికారులు కబురు పంపితే మాత్రం ఒప్పుకోలేదు; న్యాయం విచారించకుండా బహిరంగంగా కొట్టించినవారు తామే వచ్చి బయటకు తీసుకుపోవాలన్నాడు, వారు వచ్చి బతిమాలుకున్నారు. ఆ దెబ్బలు తిన్న ఒంటితోనే థెస్సలొనీకలో అడుగుపెట్టాడు. దేవుణ్ణి స్తుతించే మనిషికి తన గౌరవం అడిగే హక్కు ఉండదని బోధించేవారు ఆ ఉదయాన్ని దాటవేసి చదువుతున్నారు. స్తుతించమన్న ఆ అధ్యాయంలోనే, నాలుగు వచనాల ముందు, ధైర్యం చెడినవారికి ధైర్యం చెప్పమనీ బలహీనులకు ఊత ఇమ్మనీ ఉంది. సంఘ పెద్దకు అది కూడా వర్తిస్తుంది.

బావగారి ఎదుట మీరు మాట్లాడలేరు, మాట్లాడమని నేనూ అనను. మాట్లాడవలసినది మీ భర్త. డయాలసిస్ చేయించుకుని నీరసంగా వచ్చిన పూట ఈ సంగతి ఎత్తకండి. మర్నాడు తేరుకున్నాక ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. ఆయన అన్నగారి దగ్గర కూర్చుని, ముందుగా చేసిన మేలుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పాలి. ఆ తరువాత ఆసుపత్రికి పెట్టినదెంత, ఇప్పటివరకు పింఛను రూపంలో చేరినదెంత, తోట ఫలసాయంలో తమ వాటా ఎంత అని పుస్తకం మీద రాయించుకోవాలి. బాకీ మిగిలితే నెలకింత అని తీర్చవచ్చు. అన్నగారు లెక్కకు ఒప్పుకోకపోతే పాస్టరుగారిని పిలిచి, నలుగురిలో పెట్టకుండా, ఇంట్లోనే తేల్చుకోండి.

మీ భర్తకు ఇంకొక మాట చెప్పాలి. జీడి రసానికి నల్లబడిన చేతులతో వండి, కొలిచి నీళ్లిచ్చి, ఉప్పు తగ్గించి, కొబ్బరిచెట్ల మధ్య ఉంటూ కూడా ఈ జబ్బుకు పడని కొబ్బరినీళ్లు ముట్టనీయకుండా కాపాడుతున్న భార్య పేరెత్తి దేవునికి మీరు ఎప్పుడైనా స్తుతి చెల్లించారా అయ్యా? రాత్రి పడుకునే ముందు ఇద్దరూ కలిసి ప్రార్థించండి. ఆ రోజు గాయపరిచినది ఒకటి, ఆదుకున్నది ఒకటి, దాపరికం లేకుండా ప్రభువుకు చెప్పండి. ఆదుకున్నదేదీ కనిపించని రోజు కనిపించలేదనే చెప్పండి. కష్టంలో కృతజ్ఞత అలవడేది ఇలాంటి చోటే. నిలబెట్టి అడిగితే వచ్చేది కాదు.

ఆదివారం మళ్లీ మిమ్మల్ని లేపితే, ‘మా కోసం ప్రార్థించండి’ అని ఒక్క మాట చెప్పి కూర్చోండి. నెల మొదటి తేదీన సచివాలయం వారు పింఛను పట్టుకుని ఇంటికి వస్తారు కదా, ఆ పూట పిక్కల పనికి ఆలస్యంగా వెళ్లినా సరే, మీ భర్త పక్కన మీరు ఉండండి.