అమెరికన్ టీవీ సిరీస్ ఎన్‌సీఐఎస్‌లో జీవా చనిపోయిందా, బతికే ఉందా?

బతికే ఉంది. 13వ సీజన్ చివర్లో (2016) ఇజ్రాయెల్‌లోని ఇంటిపై దాడిలో చనిపోయినట్టు చూపించారు, కానీ శవం కనబడదు. 16వ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో (2019) తన బృందం నాయకుడు గిబ్స్ ఇంట్లో ప్రత్యక్షమవుతుంది. అజ్ఞాతవాసం ఎందుకో 17వ సీజన్‌లో తెలుస్తుంది. 13 దగ్గర ఆపేసినవాళ్లే ఎక్కువగా పొరబడతారు.

జీవా ఇంటిపేరును డేవిడ్ అని కాదు, హీబ్రూ పద్ధతిలో దవీద్ అని పలకాలి. ఈ పాత్ర వేసిన నటి కోటే డి పాబ్లో పుట్టింది చిలీలో. జీవా 2005లో, 3వ సీజన్ మొదట్లో మొసాద్ (ఇజ్రాయెల్ గూఢచార సంస్థ) అధికారిగా వస్తుంది. గిబ్స్‌ను కాపాడటానికి సొంత అన్న (తండ్రి ఒకరే, తల్లులు వేరు) ఆరీని కాల్చేస్తుంది. ఆమె మీద గిబ్స్‌కున్న నమ్మకానికి పునాది ఇదే, కాబట్టి 3వ సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు తప్పక చూడాలి. తండ్రి ఎలీ మొసాద్ డైరెక్టర్. ఆయన ఆదేశాలకూ తన మనసుకూ మధ్య నలగడమే ఈ పాత్రకు ప్రాణం. 7వ సీజన్‌లో సోమాలియా చెర నుంచి బయటపడి, మొసాద్‌ను వదిలి, అమెరికా పౌరసత్వం తీసుకుంటుంది.

ఇంగ్లిష్ జాతీయాలను తప్పుగా వాడటం ఆమె గుర్తు. సబ్‌టైటిల్స్‌లో అది సగం పోతుంది. సహోద్యోగి టోనీతో ఆమె కథ 2025లో వేరే సిరీస్‌గా వచ్చింది. 17వ సీజన్ చూశాకే అది మొదలుపెట్టండి.