తాతగారి డబుల్ బ్యారెల్‌కి ఎంత రావచ్చు?

మీ తాతగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) మీద 'పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్' అని ఉందన్నారు. లండన్ వేలాల్లో ఇంగ్లీషు తుపాకులు లక్షలకి పోతుంటే ఇక్కడి డీలరు నలభై వేలే అంటున్నాడు, మోసమా అని అడిగారు. మోసం కాకపోవచ్చు. 2021లో మా మేనమామగారి తుపాకీ అమ్మిపెట్టినప్పుడు ఇదే అనుమానంతో నేనూ మూడు దుకాణాలు తిరిగాను.

ముందు ఆ పేరు సంగతి. ఓర్ కంపెనీ మద్రాసులో గడియారాలకీ, వెండి సామానుకీ పేరున్న కొట్టు. తుపాకులూ అమ్మేది. అయితే ఇలాంటి కొట్లవాళ్ళు చాలామటుకు బర్మింగ్‌హామ్‌లో చేయించి, పైన తమ పేరు చెక్కించుకునేవాళ్ళు. కాబట్టి రిబ్ (రెండు గొట్టాలనీ కలిపే పట్టీ) మీది పేరు అమ్మినవాడిది, చేసినవాడిది కాదనుకోండి. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ తయారీదార్లవైతే కథ వేరు. నంబరు చెబితే ఏ ఏడాది ఎవరికి చేసిచ్చారో వాళ్ళ లెడ్జర్లలో దొరుకుతుంది, ఆ చరిత్రకీ డబ్బులిస్తారు.

తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందు కర్ర ఊడదీసి, గొట్టాల జతని తుపాకీ నుంచి విడదీయండి. అడుగున చదునుగా ఉన్న చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా, వాటి మధ్య బీ, సీ, పీ అక్షరాలు ఉంటే అది 1904కి ముందు బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసిన గొట్టం. కిరీటం కింద ఎన్‌పీ అని ఉంటే పొగలేని తుపాకిమందుకి (ఇప్పటి తోటాల్లో ఉండేది ఇదే) కూడా పరీక్ష అయ్యిందని. ఆ ముద్ర లేని పాత గొట్టంలో ఇవాళ్టి తోటా వేసి చూద్దామనుకోకండి, చేతులు పోతాయి. 'నాట్ ఫర్ బాల్' అని కనబడితే 1875–87 మధ్యది. మూతి దగ్గర ఇరుకు చేసిన గొట్టం కాబట్టి గుండు వేయొద్దని రాశారు. అది చూస్తే పాత సరుకు పిచ్చి ఉన్నవాడి కళ్ళు మెరుస్తాయి.

ఇంకో పరీక్ష మూడో దుకాణంలో పెద్దాయన చూపించాడు. గొట్టాల కొక్కేనికి వేలు పెట్టి వేలాడదీసి, పిడికిలి కణుపుతో మెల్లగా కొట్టాడు. మాది గుడిగంటలా మోగింది. పక్కనున్న ఇంకోదాన్ని కొడితే పాత రేకు డబ్బా కొట్టినట్టు టప్పుమంది. "రిబ్ టంకం వదిలేసింది సార్, దీనికి నేను సగమే ఇస్తా" అన్నాడు.

మాది బాగా మోగిందని పొంగిపోయాను. తర్వాత ఆయన భూతద్దం తీశాడు. మామయ్య అంతకు నాలుగేళ్ళ ముందు ఒకాయన చేత దాన్ని 'కొత్తదానిలా' పాలిష్ చేయించాడు. ఈ బాపతు తుపాకుల మధ్య పెట్టె (గొట్టాలకీ వెనక కర్రకీ మధ్య ఉండే ఇనుప భాగం) మీద పావురం మెడలో కనబడేలాంటి నీలం, గోధుమ రంగులుంటాయి. ఇనుము గట్టిపరిచేటప్పుడు వచ్చే రంగులవి. మాదాని మీద ఒక్క మచ్చ మిగల్లేదు, అద్దంలా తోమేశారు. చెక్కిన అక్షరాల అంచులు అరిగిన కాణీలా గుండ్రమయ్యాయి. వెబ్లీ అండ్ స్కాట్ బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం మధ్య పెట్టెలోనే ఉండే రకం) అది, మన దేశంలో అడిగి కొనే పేరు. రూ.75 వేలకి పోయింది. తోమకుండా ఉంటే ఇంకో నలభై వచ్చేదని పెద్దాయన మొహం మీదే చెప్పాడు. మామయ్యకి ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఇక లండన్ ధర మనకెందుకు రాదంటే, కొనేవాళ్ళు ఇక్కడివాళ్ళే కావాలి, వాళ్ళకి లైసెన్సుండాలి, అందులో ఖాళీ ఉండాలి. డిసెంబరు 2019లో చట్టం సవరించి మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండు చేశారు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. మూడోది ఏడాదిలోగా వదిలించుకోవాల్సి వచ్చింది. నేను వెళ్ళేసరికి దుకాణాల్లో అలా వచ్చిన పాత డబుల్ బ్యారెళ్ళు గోడ పొడుగునా వరసగా నిలబెట్టి ఉన్నాయి. పోనీ బయటికి పంపుదామా అంటే, వందేళ్ళు దాటిందైతే 1972 పురావస్తువుల చట్టం అడ్డు.

మీరు రాయని విషయం ఒకటుంది. తాతగారు పోయాక లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? మారకపోతే బేరం సంగతి తర్వాత, ముందు డీలరు దగ్గరో స్టేషన్లోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. పేరు మారి ఉంటే, లైసెన్సున్న మనిషికి నేరుగా అమ్మడమే లాభం. కాకపోతే కొనేవాడి వివరాలతో కలెక్టరుకో స్టేషనుకో ముందే రాసిచ్చి 45 రోజులు ఆగాలి. మేమూ అలాగే ఆగాం. డీలరైతే తన లాభం చూసుకునే చెబుతాడు, అందులో తప్పేం లేదు.

గొట్టాల అడుగు ముద్రలు, మధ్య పెట్టె రెండు పక్కలా ఫోటోలు తీసి పెట్టండి, చూసి చెబుతాను. తుడవకండి, నూనె కూడా వద్దు, ఉన్నది ఉన్నట్టే తీయండి. సీరియల్ నంబరులో చివరి రెండంకెలు మాత్రం వేలితో మూసి తీయండి.