చుక్కల్లేనిది అక్షింతల పురుగు అవుతుందా?

సందేహం: మేం ఫ్లోరిడాలో ఉంటాం. పెరట్లో నారింజ ఆకు మీద ఎర్రటి లేడీబగ్ కనిపిస్తే మా పాపకు ‘ఆరుద్ర పురుగు’ అని చెప్పాను. కాదు, అక్షింతల పురుగన్నారు మా మామగారు. దీని పేరు సైక్లోనెడా అట, ఒంటి మీద ఒక్క చుక్కా లేదు. మరి అక్షింతలెక్కడివి? ‘మహిళా పురుగు’ అని కూడా ఒకచోట చదివాను.

సమాధానం: మీ మామగారి మాటే సరైందండీ. ఆరుద్ర పురుగు వేరు. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ చివర్లో, వాన తడికి నేల మీదికి వచ్చే ఎర్ర మఖమల్ ముద్ద అది. సాలీడుకు చుట్టం, ఎనిమిది కాళ్ళు, రెక్కలుండవు, ముట్టుకుంటే మెత్తగా తగిలి కాళ్ళు ముడుచుకుంటుంది. మీ పాప చూసినదాన్ని ముట్టుకోమనండి, గోరులా గట్టిగా ఉంటుంది, కాళ్ళు ఆరే, పైనున్న ఎర్ర డిప్పలు విప్పి అడుగు రెక్కలతో తుర్రుమంటుంది.

ఇక అక్షింతలంటే చుక్కలని మీరనుకున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. అక్షతం అంటే విరగనిది, నూక కాని నిండు బియ్యపు గింజ. జనం నోట అది అక్షింత అయింది. పసుపో కుంకుమో పట్టిన ఆ గింజే నాకు ఈ పేరులో కనిపిస్తుంది తప్ప చుక్కల లెక్క కనిపించదు. మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే మిత్రపురుగుగా మన రైతులకు ఇది బాగా తెలిసిన పేరు, కొత్తగా ‘చుక్కల పురుగు’ అని కట్టుకుంటే మీ సైక్లోనెడా దగ్గరే అది చెల్లకుండా పోతుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి అర్జెంటీనా దాకా ఉండే సైక్లోనెడా సాంగ్వినియాకు, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1763లో పెట్టిన ‘సాంగ్వినియా’ అన్న మాటకు నెత్తుటి రంగుదని అర్థం. ఆయన కూడా రంగునే చూశాడు! ఉన్న తెలుపంతా ముందువైపు నల్లటి తల, మెడభాగాల మీదే, వీపు మాత్రం నున్నటి ఎరుపు. ఇంకో మాట, సైక్లోనెడాను ‘జాతి’ అని రాయకండి, అది ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. సాంగ్వినియా అందులో ఒక జాతి.

‘మహిళా పురుగు’ మాత్రం వద్దేవద్దు. లేడీబగ్‌లోని ఆ ‘లేడీ’ అంటే మరియమాత, పురుగు ఆడదని కాదు, వీటిలో మగవీ ఉంటాయి కదా. పాపకు ‘చుక్కల్లేని అక్షింతల పురుగు’ అని చెప్పండి, చాలు.