పైవాళ్ల వాషింగ్ మెషిన్ నీళ్లు మా సింకులోకి వస్తున్నాయి

సందేహం: హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు ఫ్లాట్ మాది. బిల్డింగ్ కట్టి పదమూడేళ్లయింది. మా పై ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు నాలుగు నెలల కింద వాషింగ్ మెషిన్ పైపును వంటింటి సింకు పైపుకు కలిపారు. అప్పటి నుంచి వాళ్లు మెషిన్ వేసినప్పుడల్లా మా సింకులో సబ్బు నురుగు, మురికి నీళ్లు పొంగుతున్నాయి. సింకు కింద ప్లైవుడ్ కప్‌బోర్డులు ఉబ్బిపోయాయి. మార్చాలంటే 38 వేలు అవుతుందని కార్పెంటర్ అన్నాడు. ఆ ఫ్లాట్ ఓనరు అమెరికాలో ఉంటారు. అసోసియేషన్ వాళ్లేమో మీరూ మీరూ తేల్చుకోండి అంటున్నారు. డక్ట్‌లో వాళ్ల పైపు మూసేద్దామని మావారి పట్టుదల. నేనేం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆ పైపు జోలికి వెళ్లనివ్వకండి. ఇవాళ తప్పు అవతలివాళ్లది. పైపు మూసి, వాళ్ల వంటిల్లు మునిగితే రేపు తప్పు మీది అవుతుంది. నష్టం జరుగుతుందని తెలిసీ ఎదుటివారి ఆస్తిని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. కోపంతో వాళ్ల మంచినీళ్ల లైన్ కట్ చేస్తే 326వ సెక్షన్ కూడా వచ్చి పడుతుంది. బాధపడుతున్న మీరు ముద్దాయి కావద్దు.

మెషిన్ పైపును సింకు పైపుకు కలపడం దానంతటది నేరం కాదు. చాలా ఇళ్లలో అలా కలిపే ఉంటుంది. దానివల్ల పక్కవారి ఇల్లు పాడవుతున్నప్పుడే చట్టం కలగజేసుకుంటుంది. దీన్ని న్యూసెన్స్ అంటాం, సివిల్ కోర్టులో దీనికి పరిహారం ఉంది. అయితే మీ ఇంట్లో పొంగే నీళ్లకు కారణం ఆ కనెక్షనేనని మీరు రుజువు చేయాలి. ఇలాంటి కేసులు చాలావరకు చట్టం తెలియక కాదు, ఈ రుజువు లేకే ఓడిపోతాయి.

అందుకే కాస్త ఓపికగా చూడండి. సింకు పైపు సన్నగా ఉంటుంది, అందులో నూనె జిడ్డు పేరుకుంటుంది. మెషిన్ ఒక్క నిమిషంలో బకెట్ నీళ్ల దాకా తోసేస్తుంది. కింద నిలువు పైపులోనో, గ్రౌండ్‌లో ఉన్న చాంబర్‌లోనో అడ్డు ఉంటే ఆ నీళ్లు మొదట పొంగేది కింది అంతస్తులోనే. అంటే అసలు లోపం ఉమ్మడి పైపులో ఉండి, మెషిన్ దాన్ని బయటపెడుతూ ఉండవచ్చు. ఇది తేల్చడానికి అసోసియేషన్ నుంచి ఒకరిని, పైవాళ్లను, ప్లంబర్‌ను దగ్గర పెట్టుకుని రెండు పరీక్షలు చేయించండి. మొదట పై ఫ్లాట్ సింకులో రెండు మూడు బకెట్ల నీళ్లు ఒకేసారి పోయించండి. తర్వాత మెషిన్‌తో నీళ్లు బయటికి వదిలించండి. రెండిటికీ మీ సింకు పొంగితే కింద పైపు మూసుకుపోయినట్టే, దాన్ని శుభ్రం చేయించే బాధ్యత అసోసియేషన్‌ది. మెషిన్ నీళ్లకే పొంగితే, నురుగే ఎక్కువగా వస్తుంటే, మీ వాదనకు బలం వచ్చినట్టు. రెండిటినీ తేదీ, సమయం కనిపించేలా వీడియో తీయండి. ఆ ఫోన్ మార్చేయకండి. వీడియోను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఇవ్వాలి. ప్లంబర్‌తో తాను చూసింది కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.

అసోసియేషన్ వాళ్లు మీరూ మీరూ తేల్చుకోండి అనడం సరికాదు. అందరి మురుగు పోయే నిలువు పైపు ఏ ఒక్కరిదీ కాదు, దాని నిర్వహణకే నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నారు. నోటిమాటతో ఊరుకోకుండా సెక్రటరీకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

పైవాళ్లకు రాసే నోటీసులో కనెక్షన్ తీసి వాష్ ఏరియాలోని నేల జాలీకో, విడిగా వేసిన పైపుకో పదిహేను రోజుల్లో మార్చాలని, కప్‌బోర్డుల ఖర్చు ఇవ్వాలని అడగండి. ఇది అద్దెకున్నవాళ్లకూ ఓనరుకూ ఇద్దరికీ వెళ్లాలి. వాళ్లు చేసిన ప్రతి పనికీ ఓనరు జవాబుదారీ కాడు. కానీ ఆయన అనుమతితోనే చేశారని తేలినా, తెలిశాక కూడా పట్టించుకోకపోయినా తప్పించుకోవడం కష్టం. అమెరికాలో ఉన్నారని వదిలేయకండి. స్పీడ్ పోస్టుతో పాటు ఈమెయిల్, వాట్సాప్‌లో కూడా పంపండి. ఇక్కడ ఆయన పనులు చూసేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే వారికీ ఒక కాపీ ఇవ్వండి. నోటీసు అందగానే చాలామంది ఓనర్లు స్వయంగా ప్లంబర్‌ను పంపిస్తారు. పైపు మార్చడానికయ్యే ఖర్చు కేసు ఖర్చు ముందు ఏపాటిది!

అప్పటికీ కదలిక లేకపోతే నేరుగా దావా వేయకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ కోసం ప్రీ-లిటిగేషన్ అర్జీ, అంటే కేసు వేయకముందే రాజీ కోరే అర్జీ పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరి అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు) వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒకే బిల్డింగ్‌లో రోజూ ముఖాలు చూసుకునేవాళ్లు కాబట్టి నాకైతే ఇదే మంచి దారి అనిపిస్తుంది. రాజీ కుదరకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో కనెక్షన్ తీసేయాలని ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం), నష్టపరిహారం రెండూ కోరవచ్చు. పరిహారానికి గడువు సాధారణంగా మూడేళ్లు. నీళ్లు పొంగుతూనే ఉంటే ఆ గడువు కూడా ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుంది.

ఫ్లాట్ స్వాధీనం తీసుకుని ఐదేళ్లు దాటనివారికి ఇంకో దారి ఉంది. ప్లంబింగ్ పనితనంలోనే లోపం ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. మీ బిల్డింగ్‌కు ఆ గడువు దాటిపోయింది.

ఆ ఉబ్బిన కప్‌బోర్డులు ఇప్పుడే పీకించకండి. ముందు ఫొటోలు తీసి, కార్పెంటర్ అంచనాను సంతకంతో రాయించుకోండి. కేసు వేయాల్సి వస్తే కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను (పరిశీలనకు తాను నియమించే న్యాయవాదిని) పంపి వాటిని స్వయంగా చూడమని ఆదేశించే వీలుంది. ఆయన వచ్చేసరికి అవి అక్కడ ఉండాలి.