పుస్తకం తెరిపించండి, వడ్డీ లెక్క కట్టండి

(ఊళ్లలో వార్తలు రాసే విలేకరుల ప్రశ్నలకు, వాళ్లకు శిక్షణనిచ్చే మా కాలమిస్టు జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొదుపు సంఘాలు, అప్పుల గురించే.)

మేడం, మండల కంట్రిబ్యూటర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. డ్వాక్రా వార్త అంటే స్టేజి మీద చెక్కు ఫొటో, కింద నాలుగు లైన్లు. అంతకుమించి ఏం రాయాలో తెలియడం లేదు. – ఒక విలేకరి, మార్కాపురం దగ్గర

తమ్ముడూ, ఆ స్టేజి మీద చూపించేది నమూనా చెక్కు. దాని మీద కోట్లు రాసి ఉంటాయి. అసలు వార్త స్టేజి దిగాక మొదలవుతుంది. ఆ డబ్బు ఏ తేదీన సంఘం ఖాతాలో పడింది? పడిన రోజే ఎంత తీసుకోనిచ్చారు? పది మంది ఉన్న సంఘానికి పది లక్షలొస్తే తలా లక్ష పంచుకున్నారని రాసేస్తాం. పంచుకున్నారో లేదో తీర్మానాల పుస్తకంలో ఉంటుంది. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురికే ఎక్కువ పోతుంది, కొందరి పేరు మీద ఇంకొకరు వాడుకుంటారు. నేను వెళ్లిన ఒక ఊళ్లో లోను ఇచ్చిన బ్యాంకే అందులో కొంత పొదుపు ఖాతాలో ఆపేసింది. వాడుకోని డబ్బుకు కూడా ఆ ఆడవాళ్లు వడ్డీ కట్టారు. ఇది బయటపడింది పాసు పుస్తకం తెరిచి చూసినందువల్లే.

‘సున్నా వడ్డీ’ అని హెడ్డింగ్ పెట్టేముందు కూడా ఒక మాట అడగండి. సాధారణంగా సంఘం ముందు వడ్డీతో సహా కిస్తీ కడుతుంది, ప్రభుత్వం తర్వాత ఆ వడ్డీ తిరిగి జమ చేస్తుంది. కాబట్టి ‘జమ అయిందా, ఏ నెలలో?’ అన్నదే ప్రశ్న. పాసు పుస్తకంలో ఆ ఎంట్రీ ఉంటే సున్నా వడ్డీ అని రాయండి. లేకపోతే ఇంకా రాలేదని రాయండి.

నా తప్పు కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి షావుకారు అప్పుల మీద వార్త రాశాను. ఆడవాళ్లు ‘రెండు రూపాయల వడ్డీ’ అన్నారు. నేను ‘2 శాతం వడ్డీ’ అని రాశాను, డెస్కులోనూ ఎవరూ పట్టుకోలేదు. వారం తర్వాత ఆ ఊరికి మళ్లీ వెళ్తే సంఘం రెండో లీడరు పేపరు మడత విప్పి నా ముందు పెట్టింది. ‘మేడం, రెండు శాతానికి ఇచ్చేవాడుంటే మేం సంఘమెందుకు పెట్టుకుంటాం?’ అంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36, ఐదు రూపాయలైతే 60. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఊరి వాళ్లు నెల లెక్కన చెబుతారు, బ్యాంకు ఏడాది లెక్కన చెబుతుంది. ఈ రెండూ ఒకే వార్తలో కలిస్తే చదివేవాళ్లు తప్పుదారి పడతారు. అప్పటి నుంచి నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ పట్టిక రాసుకుంటున్నాను. మీరూ రాసుకోండి.

మా జిల్లాలో పాతికమంది విలేకరులకు ఒక రోజు శిక్షణ పెట్టమన్నారు. అంశం: గ్రామీణ మహిళలకు రుణాలు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, నల్గొండ

అమ్మా, హోటల్ హాల్లో ఏసీ వేసి స్లైడ్లు చూపించొద్దు. పొద్దున్నే అందరినీ ఏదైనా గ్రామ సంఘం సమావేశానికి తీసుకెళ్లండి. ముందు రోజే వాళ్లను అడిగి ఒప్పించండి. పాతికమంది ఒక్కసారి మీద పడితే బాగుండదు, ఐదుగురు చొప్పున వేర్వేరు ఊళ్లకు పంపండి.

నేను ఇలా ఒకసారి ఐదుగురిని తీసుకెళ్లాను. పంచాయతీ ఆఫీసు వరండాలో చాప, మధ్యలో తాళం వేసిన రేకు పెట్టె. తాళం చెవి ఒకామె కొంగుకు ఉంది. పెట్టె తీస్తే తీర్మానాల పుస్తకం, లోను లెడ్జరు, రబ్బరు బ్యాండు వేసిన పాసు పుస్తకాలు. పుస్తకాలు రాసే అమ్మాయి ఒక్కో పేరూ చదువుతుంటే, చదువు రాని ఒక పెద్దామె తన వరుస మీద వేలు పెట్టుకుని కూర్చుంది. అంకెలు మాత్రం ఆమెకు వచ్చు. కిస్తీ 1,150కి బదులు 1,510 అని పడితే వెంటనే ‘ఇది నాది కాదు’ అంది. మా విలేకర్లలో ఒక్కరూ అది చూడలేదు. ఆ రోజు శిక్షణలో అంతకంటే పెద్ద పాఠం నేను చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం కాగితం, పెన్ను ఇచ్చి లెక్క చేయించండి. పది వేలు అప్పు, ఏడాదికి 12 శాతం ‘ఫ్లాట్’, 50 వారాల్లో తీర్చాలి. వడ్డీ 1,200 కలిపితే వారానికి 224 రూపాయలు. చూడటానికి 12 శాతమే. కానీ వారం వారం అసలు తగ్గుతూ వస్తుంది, సగం కాలం గడిచేసరికి ఆమె దగ్గర ఉన్నది ఐదు వేల పైచిలుకే. అయినా అప్పిచ్చినవాళ్లు వడ్డీ మాత్రం పది వేల మీదే లెక్కకట్టారు. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి దాదాపు 24 శాతం. అంటే ఊళ్లో రెండు రూపాయల వడ్డీతో సమానం. ఇక ఫీజు, బీమా పేరిట మొదటే 300 కోసుకుని 9,700 చేతికిస్తే అది 30 శాతం దాకా పోతుంది. ఈ ఒక్క లెక్క చేతితో చేసిన విలేకరి ‘తక్కువ వడ్డీకే రుణాలు’ అనే ప్రెస్ నోట్‌ను మళ్లీ యథాతథంగా దించడు.

చివరి గంట నియమాలకు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ సూక్ష్మ రుణాల నిబంధనల్లో కొన్ని ప్రతి విలేకరికీ నోటికి రావాలి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుకు ఇవి వర్తిస్తాయి. ఆ ఇంటి అప్పులన్నిటి నెల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. లోను కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. ఇవి తెలిస్తే ఇంటింటికీ తిరిగినప్పుడు ఏది నిబంధనకు విరుద్ధమో మీకే కనబడుతుంది.

వసూళ్లు 98 శాతం అని అధికారులు చెబుతున్నారు. అది మంచి వార్తే కదా? – ఒక విలేకరి, చిత్తూరు జిల్లా

సంఘాల ఆడవాళ్లు బాకీ ఎగ్గొట్టరన్నది నిజం, అది రాయాల్సిందే. 1992లో జాతీయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టినప్పుడు ఇంతమంది ఇంత బాగా కడతారని ఎందరు నమ్మారో చెప్పలేం. కానీ వసూలు శాతం ఒక్కటే చూస్తే, ఆమె ఆ కిస్తీ ఎక్కడి నుంచి తెచ్చి కట్టిందో తెలియదు.

2010లో మన దగ్గర అదే జరిగింది. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ (సూక్ష్మ రుణ) కంపెనీల వసూళ్లు అద్భుతమని అప్పటిదాకా పేపర్లలో రాశాం. ఊళ్లోకి పోయి చూస్తే ఒక్కో ఇంట్లో మూడు నాలుగు లోను కార్డులు. సోమవారం కంపెనీ కిస్తీ కోసం మంగళవారం కంపెనీలో అప్పు, దానికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతా వాళ్లు కట్టాలి, అందుకే తోటి ఆడవాళ్లే ఇంటి ముందు కూర్చున్నారు. ఆత్మహత్యలు జరిగాయి. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. దాని ప్రకారం ఆ సంస్థలు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి, వారం వారం కాక నెలకోసారి వసూలు చేయాలి, వడ్డీ మొత్తం అసలును మించకూడదు. రిజర్వు బ్యాంకు కూడా మాలేగాం కమిటీ వేసింది.

కాబట్టి శాతం రాయండి, దాని పక్కన ఒక్క ఇంటి కథ రాయండి. ఈ నెల కిస్తీ ఏ డబ్బుతో కట్టింది? పాలు అమ్మిందా, కూలి డబ్బా, పుస్తెలు తాకట్టు పెట్టిందా? కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగితే గానీ ఇది దొరకదు.

నేను మగవాణ్ని. సంఘం ఆడవాళ్లతో మాట్లాడాలని వెళ్తే భర్తలే జవాబులు చెబుతున్నారు. ఏం చేయాలి? – ఒక విలేకరి, ఖమ్మం జిల్లా

ఆయన్ని గౌరవంగా పక్కకు పెట్టాలి, కోపంగా కాదు. ‘అన్నా, నీతో తర్వాత టీ తాగుతూ మాట్లాడతా, ఇప్పుడు అక్క పాసు పుస్తకం గురించి అడుగుతున్నా’ అనండి. ఇంటి దగ్గర కాకుండా సమావేశం రోజున వెళ్లండి, అక్కడ ఆడవాళ్లు పదిమంది ఉంటారు, ధైర్యంగా చెబుతారు. మిరప కోతల టైంలో పగలు వెళ్తే ఇళ్లలో ముసలివాళ్లే ఉంటారు.

అడిగే తీరు మార్చండి. ‘లోను తీసుకున్నారా?’ అంటే అవునంటారు, అంతే. ‘డబ్బు ఎవరి చేతికి వచ్చింది? ఎవరు ఖర్చు పెట్టారు? కిస్తీ ఎవరు కడుతున్నారు?’ అని విడివిడిగా అడగండి. చాలాసార్లు మూడు జవాబులూ వేరుగా ఉంటాయి. ఒక ప్రశ్న మాత్రం మరవొద్దు: పొలం ఎవరి పేరు మీద ఉంది? పట్టా భర్త పేరున ఉంటే పంట రుణం ఆయన పేరునే వస్తుంది, పొలంలో వంగి పని చేసేది ఆమె అయినా. 2015–16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద సాగు కమతాల్లో మహిళలు సాగుదారులుగా నమోదైనవి సుమారు 14 శాతమే. సంఘం లోను తప్ప ఆమెకు ఇంకో దారి ఎందుకు లేదో ఇక్కడే అర్థమవుతుంది.

అప్పుల బాధతో చనిపోయిన ఒక మహిళ ఇంటికి వెళ్లాను. డెస్కు ఫొటో కావాలంటోంది. పిల్లలున్నారు. ఇవ్వనా? – పేరు వద్దన్న పాఠకుడు

ఇవ్వొద్దు. పిల్లల ఫొటో, బడి పేరు, వీధి పేరు ఏదీ వద్దు. ఎలా చనిపోయిందో వివరాలు కూడా రాయొద్దు. అప్పు ఒక్కటే కారణమని హెడ్డింగ్‌లో తేల్చేయకండి. ఇంకో ఇంట్లో అదే బాధతో ఉన్నావిడ ఈ వార్త చదువుతుంది, అందుకే చివర మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వేయమనండి. మీరు వివరాలు తీసుకున్నట్టు ఆ ఇంటి పెద్దకు చెప్పి, ఏది రాస్తారో చదివి వినిపించి రండి. మళ్లీ పదో రోజున వెళ్లండి. మిగిలిన బాకీ ఎవరి మీద పడిందో, వసూలుకు ఎవరొచ్చారో అప్పుడు తెలుస్తుంది.

డెస్కు ఫొటో లేకుండా కుదరదంటే లోను కార్డు ఫొటో తీసి పంపండి. పేరు, నంబరు వేలితో మూసి పట్టుకోండి. కిస్తీ మొత్తం, వాయిదా తేదీ, పక్కన పెట్టిన సంతకాల గళ్లు కనబడితే చాలు.