సెలైనాలో కొత్త ఇల్లు: మొదటి ఏడాది వాయిదా చూసి సంతకం పెట్టకండి

ప్రశ్న: మేమిద్దరం డాలస్‌లో ఐటీ ఉద్యోగులం. హెచ్-1బీ మీద ఉన్నాం, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. ప్లేనోలో 2,600 డాలర్ల అద్దె కడుతున్నాం. చేతిలో 1,40,000 డాలర్లు ఉన్నాయి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న సెలైనాలో 5,75,000 డాలర్ల కొత్త ఇల్లు చూశాం. 20 శాతం డౌన్ పేమెంట్ కడితే నెలకు 3,500 దాకా పడుతుందని బిల్డర్ సేల్స్ ఆఫీసులో చెప్పారు. ఊరు ఇంత వేగంగా పెరుగుతోంది కాబట్టి మూడేళ్లకు అమ్మినా లాభమేనని స్నేహితులు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు, ఈ పొదుపుతో ఇప్పుడే వద్దు. సెలైనాలో కొనడం తప్పని కాదు. మీకు చెప్పిన 3,500 రెండో ఏడాది నిలవదు, ఆ పెరుగుదలను తట్టుకునే డబ్బు మీ దగ్గర మిగలదు.

ముందు ఊరి పెరుగుదల సంగతి చూద్దాం. సెలైనా చాలావరకు ఉన్న కాలిన్ కౌంటీ జనాభా 2010లో 7,82,341. 2020కి 10,64,465 అయింది. అదే పదేళ్లలో సెలైనా 6,028 నుంచి 16,739కి చేరింది. 2023 అంచనాల్లో, 20 వేలు దాటిన ఊళ్లలో దేశంలోకెల్లా వేగంగా పెరిగింది సెలైనాయే: ఏడాదిలో 26.6 శాతం. మీ స్నేహితులు చెప్పింది ఇంతవరకు నిజం. కానీ జనం వస్తున్నారంటే ఇళ్లు కూడా వస్తున్నాయన్నమాట. హైదరాబాద్‌లో తెల్లాపూర్, కొల్లూరు వైపు ప్లాటు కొన్నవాళ్ల లెక్క ఇక్కడికి సరిపోదు. అక్కడ మీరు కొనేది నేల. ఇక్కడ ధరలో ఎక్కువ భాగం కట్టడానిదే. పక్కనే ఇంకా ఖాళీ పొలాలున్నాయి, బిల్డర్ దగ్గర తరువాతి ఫేజులున్నాయి. మూడేళ్లకు మీరు అమ్మకానికి పెడితే, అదే వీధి చివర అదే ప్లాను కొత్త ఇంటిని బిల్డర్ రేటు బై-డౌన్ (తాను కొంత కట్టి లోను వడ్డీ తగ్గించడం) ఇచ్చి అమ్ముతుంటాడు. మూడేళ్లు వాడిన ఇంటికి మీరు ఆ రాయితీ ఇవ్వగలరా?

అమ్మకం ఖర్చులు కమిషన్‌తో కలిపి 7 శాతం అనుకుంటే 40 వేల డాలర్లు. 6.25 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోనులో మూడేళ్లకు మీరు తీర్చే అసలు 17 వేల పైచిలుకు మాత్రమే. అంటే ధర 6,18,000 దాటితేనే అమ్మకం ఖర్చు వెనక్కొస్తుంది. ఏడేళ్లకు తక్కువ ఉండేట్లయితే ఇలాంటి కమ్యూనిటీలో కొనకండి.

ఇక 3,500 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 4,60,000 లోనుకు అసలు, వడ్డీ కలిపి 2,832. ఇన్సూరెన్స్ 350, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం రుసుము) 100 అనుకుందాం. మిగిలింది ప్రాపర్టీ ట్యాక్స్, సుమారు 220. చిక్కంతా ఇక్కడే ఉంది. టెక్సస్‌లో జనవరి 1న ఆస్తి ఎలా ఉందో ఆ లెక్కన ఆ ఏడాది పన్ను వేస్తారు. ఆ రోజుకు మీ ఇల్లు ఇంకా ఖాళీ లాటు. 1,30,000 విలువకు 2.05 శాతం చొప్పున ఏడాదికి 2,665. మరుసటి జనవరి 1కి అక్కడ ఇల్లు పూర్తయి ఉంటుంది. స్కూలు పన్ను 1.25 శాతం, ఊరు, కౌంటీ, కాలేజీ కలిపి 0.80 అనుకుందాం. స్కూలు పన్నులో హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికిచ్చే) మినహాయింపు 1,40,000 తీసేశాక 5,437, మిగతావాటికి 4,600. మొత్తం 10,037.

ఆ బిల్లును లెండర్ మీ ఎస్క్రో నుంచి, అంటే పన్ను, ఇన్సూరెన్సు కోసం మీ వాయిదాలోంచి తీసి ఉంచే ఖాతా నుంచి కట్టేస్తాడు. ఖాతాలో 7,372 తగ్గుతుంది. ఆ లోటును సాధారణంగా పన్నెండు నెలలకు పంచి మీ వాయిదాలో కలుపుతాడు, రాబోయే నెలలకూ కొత్త రేటు పెడతాడు. పైగా 3,500లో పీఐడీ (కొత్త కాలనీ రోడ్లు, డ్రైనేజీకి ఏటా చేసే వసూలు) లేదు. ఆ కమ్యూనిటీ పీఐడీలో ఉండి, ఏడాదికి 2,400 పడుతుందనుకుంటే అసలు నెల ఖర్చు 4,318. పీఐడీ కూడా ఎస్క్రో నుంచే కట్టి ఉంటే ఆ లోటూ కలిసి, లోటు తీర్చే ఏడాదిలో 5,100 దాటుతుంది. ఎస్క్రోలో రెండు నెలల కుషన్ అడిగితే అది అదనం. కొత్త ఇల్లు కొన్న కుటుంబం క్రెడిట్ కార్డుల్లో పడే ప్రమాదం ఈ ఏడాదిలోనే.

ఏటా 10 శాతానికి మించి విలువ పెంచకూడదన్న పరిమితి దీనికి అడ్డు రాదు. అది హోమ్‌స్టెడ్ మొదటి ఏడాది గడిచాకే మొదలవుతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. అదే కమ్యూనిటీలో రెండేళ్ల కిందట పూర్తయిన ఫేజులో, మీ ప్లానుకు దగ్గరగా ఉన్న ఇంటి చిరునామా రాసుకోండి. కాలిన్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే ఆఫీసు) సైటులోనూ కౌంటీ ట్యాక్స్ ఆఫీసు సైటులోనూ వెతకండి, ఎవరైనా చూడొచ్చు. మీ రెండో ఏడాది బిల్లు దాదాపు అలాగే ఉంటుంది. సెలైనాలో కొంత భాగం డెంటన్ కౌంటీలో ఉంది, లాటు ఏ కౌంటీదో చూసుకోండి.

పీఐడీ అన్నది రోడ్లు, డ్రైనేజీ వేయడానికి చేసిన అప్పులో మీ లాటు వాటా. దానికి హోమ్‌స్టెడ్ మినహాయింపు వర్తించదు. కాంట్రాక్టుకు ముందే ఆ నోటీసు మీకివ్వాలి. అందులో ఏటా కట్టేది మాత్రమే కాదు, మిగిలిన అసలు ఎంతో కూడా అడగండి. 30 వేలు మిగిలుంటే మీరు కొంటున్నది 6,05,000 ఇల్లు. ఎంయూడీ (నీళ్లు, మురుగు వసతుల కోసం ఏర్పడిన ప్రత్యేక జిల్లా) అయితే అది పన్ను రేటుగా వస్తుంది, ఇంటి విలువతో పాటు పెరుగుతుంది.

చేరాక హోమ్‌స్టెడ్ ఫారం 50-114 వెంటనే వేయండి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సులో కొత్త చిరునామా ఉండాలి. దీనికి ఫీజు లేదు, డబ్బులడిగే ఉత్తరాలు చింపేయండి. మర్చిపోతే పై లెక్కలో ఏడాదికి 1,750 నష్టం. అప్రైజల్ విలువ ఎక్కువనిపిస్తే మే 15లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తరువాతైతే అంతలోపు ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయండి.

ఇన్సూరెన్సులో వడగళ్ల డిడక్టిబుల్ చూడండి. 2 శాతం అని రాసి ఉంటే, 5 లక్షల కవరేజీకి పైకప్పు పోయినప్పుడు మొదటి 10 వేలు మీవే. నేల నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే కొత్త ఇల్లే కదా అని ఇన్‌స్పెక్షన్ మానకండి: కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడలు మూయకముందు ఒకసారి, క్లోజింగ్‌కు ముందు ఒకసారి, వారంటీ ఏడాది ముగిసే పదకొండో నెలలో మరోసారి.

ఊరు ఎదిగే వేగానికి వసతులు అందకపోవడం కూడా ఖర్చే. అదే కౌంటీలోని ప్రిన్స్‌టన్ నీళ్లు, మురుగు, రోడ్లు అందుకోలేక 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల ప్రాజెక్టులకు అనుమతులను తాత్కాలికంగా నిలిపింది. స్కూలు కోసం కొంటుంటే మరో మాట: కొత్త బడి తెరిచినప్పుడల్లా హద్దులు మారుతాయి. 2000లో 33,714 మంది ఉన్న ఫ్రిస్కో 2020కి రెండు లక్షలు దాటింది. అక్కడి స్కూలు డిస్ట్రిక్టే (ఐఎస్‌డీ) పిల్లలు తగ్గి స్టేలీ మిడిల్ స్కూలును 2025లో మూసేసింది. ‘ఈ ఇంటికి ఈ బడి’ అని సేల్స్ ఆఫీసులో చెప్పిన మాట చాలదు, డిస్ట్రిక్టును అడగండి.

మీ డబ్బు లెక్క: 1,40,000లో డౌన్ పేమెంట్ 1,15,000. క్లోజింగ్‌కు 12 వేలు. కొత్త ఇంటికి బ్లైండ్లు, ఫ్రిజ్, వాషర్, డ్రయ్యర్‌కు 10 వేలు. మిగిలేది 3 వేలు. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే గడువు 60 రోజులే. ఆరు నెలల ఖర్చు, ఇల్లు 4,300, మిగతావి 2,500 చొప్పున, సుమారు 41 వేలు విడిగా ఉండాలి. తక్కువ డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీ ఉన్న) లోను దారి కూడా హెచ్-1బీ వారికి 2025 మే 25 నుంచి మూసేశారు.

నా సలహా రెండు దారులు. మొదటిది, నాకు నచ్చేది: బిల్డర్ వెళ్లిపోయి, పన్ను బిల్లు స్థిరపడిన కమ్యూనిటీలో 4,75,000 లోపు రీసేల్ ఇల్లు చూడండి. డౌన్ పేమెంట్ 95 వేలు పోగా 45 వేలు మిగులుతాయి. క్లోజింగ్ ఖర్చు కొంతైనా అమ్మేవారిని అడగండి. రెండోది, ఈ ఇల్లే కావాలంటే పొదుపు 1,80,000 అయ్యేదాకా ఆగండి. ఆ లోపు ప్రతి నెలా ఇప్పటి అద్దెకూ 4,318కీ తేడా 1,718 డాలర్లు వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాదికి 20 వేల పైచిలుకు పోగవుతుంది. వేయలేకపోతున్నారంటే ఆ ఇల్లు మీ జీతాలకు ఎక్కువన్నమాట. కొనే రోజున లెండర్‌కు రాతపూర్వకంగా ఒకటి చెప్పండి: ఎస్క్రోను పూర్తయిన ఇంటి విలువ మీద లెక్కించమని. కుదరదంటే, తేడా 814 డాలర్లు మొదటి నెల నుంచే మీరే విడిగా దాచండి.